చాయ్ ఒలికిన లాప్‌టాప్, నీళ్లలో మునిగిన గుడి: తడిస్తే పోయేదేంటి, మిగిలేదేంటి?

ఈసారి పాలమూరు సంస్థానాల ముచ్చట చెప్తా అని పోయిన వారం మాటిచ్చా. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. కారణం ఒక గ్లాసు చాయ్. నవ్వకండి, నిజంగానే.

మా అవ్వ పాటల గురించి ఈ చానెల్‌లో చాలాసార్లు చెప్పా. నాట్లప్పటి పాటలు, బతుకమ్మ పాటలు, పల్లికాయ తెంపేటప్పుడు పాడుకునే పాటలు. రెండు వానాకాలాల పాటు ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ వచ్చా. మొత్తం ముప్పై నాలుగు ఫైళ్లు. ఫోన్ మెమరీ నిండిపోతే అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోంచి డిలీట్ చేశా. ఆ సంక్రాంతికే అవ్వ పోయింది. అంటే ఆ గొంతు ఇప్పుడు ఈ లోకంలో ఒక్క చోటే ఉంది. నా పాత లాప్‌టాప్‌లో.

ఒక రాత్రి ఎడిటింగ్ చేస్తుంటే మోచేయి తగిలి చాయ్ గ్లాసు కీబోర్డ్ మీద బోర్లా పడింది. తువ్వాలతో తుడిచా. స్క్రీన్ రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. భయంతో పవర్ బటన్ నొక్కా. రాలేదు. మళ్లీ నొక్కా. మూడోసారి నొక్కినప్పుడు లోపలి నుంచి కాలిన వాసన వచ్చింది.

తెల్లారి వనపర్తిలో తెలిసిన ఒక అన్న దగ్గరికి పట్టుకుపోయా. చిన్న షాపు, పెద్ద చేయి. ఆయన లాప్‌టాప్ తెరవక ముందే ఒక మాట అడిగాడు. "తమ్మీ, నీకు లాప్‌టాప్ కావాల్నా, లోపలున్నది కావాల్నా?"

రెండూ ఒకటే కదా అనుకున్నా నేను. కాదట. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే. ఎందుకంటే ఈ ప్రశ్న లాప్‌టాప్‌తో పుట్టలేదు. మనుషులు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ, నీళ్లు ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. రాత ఉన్న వస్తువు వేరు, రాత వేరు. నీళ్లు దేన్ని పట్టుకుపోయాయి? దేన్ని వదిలేశాయి?

ముందు తాటాకుల దగ్గరికి పోదాం.

మన పాత పుస్తకాలన్నీ తాటాకుల మీదే కదా. చాలామంది వాటి మీద సిరాతో రాస్తారనుకుంటారు. కాదు. ఘంటం అనే ఇనుప మొన ఉన్న కలంతో ఆకు మీద గీస్తారు. అది రాత కాదు, గాటు. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనిపించదు కూడా. తర్వాత దీపపు మసి, నూనె కలిపి ఆకు మీద రుద్ది తుడిచేస్తారు. పైనున్న మసి పోతుంది, గాట్లలో ఉన్నది నిలుస్తుంది. అప్పుడు నల్లటి అక్షరాలు తేలుతాయి.

ఇప్పుడు ఆ ఆకు తడిసి మసి పోయిందనుకోండి. అక్షరాలు పోయినట్టేనా? కనిపించవు, అంతే. గాటు అక్కడే ఉంటుంది. ఆకును జాగ్రత్తగా ఆరబెట్టి, మళ్లీ మసి రుద్దితే రాత తిరిగి కనిపిస్తుంది. చదవడానికి వీలు కాకపోవడం వేరు, పోవడం వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, హార్డ్ డిస్క్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అలాగని తాటాకు చావులేనిదేం కాదు. బూజు పడుతుంది, పురుగు తింటుంది, అంచులు విరుగుతాయి. అందుకే మనవాళ్లు ఒక పని చేసేవాళ్లు. పాతది పాడవక ముందే కొత్త ఆకుల మీద తిరగరాసేవాళ్లు. సీపీ బ్రౌన్ దొర వేమన పద్యాలు వెతుకుతూ తిరిగినప్పుడు ఆయనకు దొరికింది ఒకే ఒక్క అసలు పుస్తకం కాదు, రకరకాల ఊళ్లలో రకరకాల ప్రతులు. వాటిని పక్కపక్కన పెట్టి, పోల్చి, కొత్త ప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. అంటే వేమన మనదాకా వచ్చింది ఒక గట్టి ఆకు వల్ల కాదు, చాలా ప్రతుల వల్ల. ఇంకో దారి కూడా ఉంది. తిరుమలలో అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి దాచారు. వందల ఏళ్లకు బయటికి తీసినా చదవగలిగారు. ఒకటి ప్రతుల దారి, ఒకటి గట్టి వస్తువు దారి. ఈ రెండు దారులే ఇప్పటికీ ఉన్నాయి.

ఇక మన దగ్గరికే వద్దాం. కృష్ణా నది ఒడ్డుకు.

శ్రీశైలం డ్యామ్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదటికి నీళ్లు నిలిచాయి. కొల్లాపూర్, అలంపూర్ వైపు, అవతల కర్నూలు వైపు కలిపి వంద దాటిన ఊళ్లు మునిగాయి. మన చుట్టాల్లోనే ముంపు ఊళ్ల వాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, అడిగి చూడండి. మనుషులతో పాటు గుళ్లు కూడా కదలాల్సి వచ్చింది. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గర చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాన్ని విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్లు కూడా అట్లాగే పైకి వచ్చినవే. సోమశిల బోటింగ్‌కు పోయి రీల్స్ చేసుకుంటాం కదా, అక్కడి గుళ్లు ముందు ఉన్న చోటు ఇప్పుడు నీళ్లలో ఉంది.

ఒక రాతి గుడిని ఎలా కదిలిస్తారు? ముందు ఫొటోలు తీస్తారు, కొలతలు రాసుకుంటారు. తర్వాత ప్రతి రాయికీ ఒక నంబర్ వేస్తారు. ఏ వరుస, ఏ గోడ, ఎన్నో రాయి అని. ఆ తర్వాత ఒక్కొక్కటి దించి, కొత్త చోటికి మోసుకెళ్లి, నంబర్ల ప్రకారం పేరుస్తారు. ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. రాళ్లన్నీ భద్రంగా చేరాయి కానీ నంబర్ల లెక్క పోయిందనుకోండి. ఏం మిగిలింది? రాళ్లు మిగిలాయి. గుడి పోయింది.

మన డిస్క్‌లో ఫైల్ కూడా ఇదే. అవ్వ పాట ఒక ఫైల్‌లా మనకు కనిపిస్తుంది కానీ, లోపల అది వేల ముక్కలు. ఏ ముక్క ఎక్కడుంది, ఏది ముందు, ఏది వెనక అని చెప్పే ఒక పట్టిక వేరేగా ఉంటుంది. దాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. పట్టిక బాగుంటే కాపీ చేసుకోవడమే. పట్టిక చెడితే, రాళ్ల చెక్కడం చూసి ఇది స్తంభం ముక్క, ఇది తలుపు ముక్క అని పోల్చినట్టు, రికవరీ సాఫ్ట్‌వేర్ ముక్కల గుర్తులు చూసి ఫైళ్లను కూర్చాలి. కొన్ని కూడతాయి, కొన్ని కూడవు.

సరే, గుళ్లకు ముందే చెప్పి వచ్చిన నీళ్లవి. చెప్పకుండా వచ్చిన నీళ్లు కూడా చూశాం. 2009 అక్టోబర్ 2. ఈ చానెల్ చూసే చాలామంది అప్పుడు చిన్నపిల్లలు. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. మన వైపు రాజోలి, అలంపూర్ మునిగాయి. శ్రీశైలం డ్యామ్‌కు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యామ్‌ను కట్టింది 19 లక్షల లెక్కకు. రాజోలిలో చేనేత మగ్గాల గుంతల నిండా బురద. ఇళ్లలో బీరువాల్లో, ట్రంకు పెట్టెల్లో ఉన్న పట్టాదారు పాస్‌బుక్కులు, టెన్త్ మెమోలు, పెళ్లి ఫొటోలు అన్నీ తడిసి ముద్ద. ఇల్లు మళ్లీ కట్టుకుంటారు, బియ్యం ఎవరో ఒకరు ఇస్తారు. కానీ నువ్వు చదువుకున్నావని, ఈ పొలం నీదని చెప్పే కాగితం ముద్దయితే ఎవరికి చెప్పుకోవాలి? దానికి ఇంకో ప్రతి ఏదో ఆఫీసులో ఉంటే సరే. లేకపోతే?

2015లో డిజీలాకర్ వచ్చింది. మార్కుల మెమో, ఆర్‌సీ అందులో ఉంటాయి అని మనం ఈజీగా అనేస్తాం. కానీ ట్రంకు పెట్టె మునిగిన ఇంట్లో పెరిగినోళ్లకు దాని విలువ వేరే. కాగితం ఒక ఊళ్లో, దాని ప్రతి నీళ్లు చేరని ఇంకో చోట.

ఇలాంటి రోజే ప్రపంచంలో ఇంకో నగరానికి 1966 నవంబర్ 4న వచ్చింది. ఇటలీలో ఫ్లోరెన్స్. ఆర్నో నది పొంగి జాతీయ గ్రంథాలయంలోకి నీళ్లు, బురద, ఇళ్ల కింద ట్యాంకుల్లో ఉన్న ఆయిల్ అన్నీ కలిసి వచ్చాయి. లక్షల పుస్తకాలు తడిశాయి. ఎక్కడెక్కడి నుంచో కాలేజీ పిల్లలు వచ్చారు. మీ వయసు వాళ్లే. వరసగా నిలబడి చేతుల మీదుగా బురదలోంచి పుస్తకాలను పైకి అందించారు. వాళ్లను అక్కడి జనం బురద దేవదూతలు అని పిలిచారు. తడిసిన పుస్తకాలను బాగు చేసే విద్య ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది ఆ వరద తర్వాతే.

ఆరేళ్ల తర్వాత, 1972 జూన్‌లో, అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియం తుఫాను వరదలో మునిగింది. అప్పుడు వాళ్లు ఒక వింత పని చేశారు. తడిసిన పుస్తకాలను ఎండలో పెట్టలేదు. ఫ్రీజర్లలో పెట్టారు. ఎందుకు? తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. నున్నటి కాగితమైతే ఆరుతూ ఆరుతూ పేజీకి పేజీ అతుక్కుపోతుంది. గడ్డకట్టిస్తే కాలం ఆగిపోయినట్టే. తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే బయటికి తీసి బాగు చేసుకోవచ్చు. దీన్నుంచి మనకొచ్చే పాఠం "ఫ్రిజ్‌లో పెట్టండి" అని కాదు. దయచేసి లాప్‌టాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పట్టి ఇంకా చెడుతుంది. పాఠం ఏంటంటే, తడిసిన వెంటనే చేయాల్సింది బాగు చేయడం కాదు. చెడిపోవడాన్ని ఆపడం.

మరి లాప్‌టాప్‌లో చెడిపోవడం ఎలా జరుగుతుంది? ఉత్త నీళ్లు కరెంటును పెద్దగా పారనివ్వవు. నీళ్లలో కరిగిన ఉప్పు, ఇంకేదైనా లవణం ఉంటేనే పారుతుంది. మన చాయ్‌లో పాలు, ఆకు, బోరు నీళ్ల లవణాలు అన్నీ ఉన్నాయి. చక్కెర ఆరాక జిగురుగా అంటుకుని తేమను పట్టి ఉంచుతుంది. కూల్‌డ్రింక్ అయితే ఆమ్లం కూడా. ఇవి బోర్డు మీద దగ్గర దగ్గరగా ఉన్న రెండు రాగి గీతల మధ్య వంతెన వేస్తాయి. కరెంటు ఉంటే ఆ రాగి కరుగుతూ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పోతుంది, పచ్చటి తుప్పు మొదలవుతుంది. గమనించండి, కరెంటు ఉంటే. చాయ్ ఒక్కటే అయితే నిదానంగా చెడగొడుతుంది. చాయ్, కరెంటు కలిస్తే నిమిషాల్లో పని ముగుస్తుంది. నేను మూడుసార్లు పవర్ బటన్ నొక్కింది గుర్తుందా? వనపర్తి అన్న మొదట అడిగింది కూడా అదే. "ఎన్నిసార్లు ఆన్ చేసినవ్?" మూడు అన్నా. ఆయన తల ఊపాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన వెనక స్క్రూలు విప్పి, లోపలి నుంచి అరచేతిలో పట్టే ఒక డబ్బా తీశాడు. హార్డ్ డిస్క్. "నీ పాటలు బోర్డుల లేవు, ఇగో ఈండ్ల ఉన్నయ్" అన్నాడు.

ఈ డబ్బాకూ ఒక చరిత్ర ఉంది. మొదటి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం 1956లో రామాక్ అనే కంప్యూటర్‌తో తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై. బరువు దాదాపు ఒక టన్ను. అందులో పట్టేది 5 మెగాబైట్లు. మీ ఫోన్‌లో ఒక ఫొటో అంత. తర్వాత డబ్బా చిన్నదైంది కానీ సూత్రం అదే. గిర్రున తిరిగే పళ్లెం, దాని మీద అయస్కాంతపు గుర్తులు, వాటిని చదివే సన్నటి తల. ఆ తల పళ్లేన్ని తాకదు, నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. దుమ్ము కణం కూడా దానికి కొండ లాంటిది.

ఇక్కడ తాటాకు గుర్తు తెచ్చుకోండి. నీళ్లు మసిని కడిగేస్తాయి, గాటును చెరపలేవు. నీళ్లు డిస్క్ కింద ఉన్న చిన్న బోర్డును కాల్చగలవు, చదివే తలను పాడు చేయగలవు. కానీ పళ్లెం మీది అయస్కాంతపు గుర్తును నీళ్లు చెరపవు. చాయ్ కూడా చెరపదు.

దీనికి పెద్ద సాక్ష్యం ఆకాశం నుంచి పడింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ తిరిగొస్తూ ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో పాటు ఏడుగురూ చనిపోయారు. ఆ షటిల్‌లో జినాన్ అనే వాయువు మీద ఒక ప్రయోగం జరిగింది. ఆ లెక్కల్లో కొన్ని రేడియోలో భూమికి వచ్చాయి, మిగతావి ఒక 400 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌లోనే ఉండిపోయాయి. అది మండుతూ పడి, నెలల తర్వాత టెక్సాస్‌లో ఎండిన చెరువు అడుగున దొరికింది. చూస్తే కరిగిన ఇనుప ముద్ద. దాన్ని క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థలో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఇంజినీర్ విప్పాడు. పళ్లేలను రసాయనంతో కడిగి, అదే రకం ఇంకో డిస్క్ డబ్బాలో బిగించి చదివాడు. 99 శాతం వచ్చేసింది! 2008లో ఆ ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. ఎందుకు సాధ్యమైంది? పళ్లెం మీద గుంటలు పడిన చోట అదృష్టవశాత్తూ డేటా లేదు. ఆ పాత డాస్ సిస్టమ్ ఫైళ్లను డిస్క్ అంతా చెల్లాచెదురు చేయకుండా ఒకచోటే వరసగా రాసింది. అదే షటిల్‌లోని ఇంకో రెండు డిస్క్‌ల నుంచి మాత్రం ఏమీ రాలేదు. కాబట్టి ఇది మాయ కాదు. విద్య కొంత, అదృష్టం కొంత.

ఇక్కడిదాకా విని "అయితే ఏం భయం లేదు" అనుకుంటున్నారా? ఆగండి. కథ ఇక్కడే మలుపు తిరిగింది. ఇది మీ తరం లాప్‌టాప్‌ల గురించి.

ఇప్పుడు కొనే లాప్‌టాప్‌లలో తిరిగే పళ్లెం లేదు. ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. 1980ల్లో తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ దానికి మూలం. అందులో రాత అంటే చిన్న చిన్న అరల్లో బంధించిన విద్యుత్ కణాలు. నీళ్లు పడితే అవీ ఒక్కసారిగా పోవు. కానీ వాటిని చదివేది పక్కనే ఉన్న కంట్రోలర్ అనే చిప్. ఏ ముక్క ఏ అరలో ఉందో దానికే తెలుసు. గుడి రాళ్ల నంబర్ల చీటీ దాని జేబులో ఉంది అనుకోండి. అది కాలితే పని చాలా కష్టం.

కొన్ని మోడళ్లలో ఎస్‌ఎస్‌డీ విడిగా, స్క్రూతో బిగించి ఉంటుంది. దాన్ని తీసి ఇంకో డబ్బాలో పెట్టొచ్చు. కొన్ని సన్నటి మోడళ్లలో మాత్రం మెమరీ చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి. పైగా తాళం. ఆపిల్ 2018 తర్వాతి మ్యాక్‌బుక్‌లలో డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళంచెవి ఆ బోర్డు మీది చిప్‌లోనే ఉంటుంది. చిప్‌లను ఊడదీసి ఇంకో చోట చదివితే అర్థం కాని గీతలే వస్తాయి. ఆ బోర్డు కాసేపైనా ప్రాణం పోసుకుంటేనే ఫైళ్లు వస్తాయి. చాలా విండోస్ లాప్‌టాప్‌లలో కూడా బిట్‌లాకర్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. దాని రికవరీ కీ ఎక్కువగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోతే, డిస్క్ నిక్షేపంగా ఉన్నా లోపలికి దారి లేదు.

దొంగ చేతిలో పడితే ఈ తాళమే మనల్ని కాపాడుతుంది, అది మంచిదే. కానీ చరిత్రలో ఇది కొత్త సంగతి. తాటాకు నుంచి హార్డ్ డిస్క్ దాకా, చదివే పనిముట్టు పాడైతే ఇంకో పనిముట్టుతో చదువుకునేవాళ్లం. ఇప్పుడు రాత, దాన్ని చదివే యంత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అందుకే "అన్నా, డిస్క్ తీసి కాపీ చెయ్" అంటే కుదిరే రోజులు తగ్గిపోతున్నాయి.

మరి ఒలికినప్పుడు ఏం చేయాలి? నేను చేయనివన్నీ చేయండి. మొదట చార్జర్ పీకేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి. తెరిచిన పుస్తకాన్ని గుడారంలా బోర్లించినట్టు లాప్‌టాప్‌ను తువ్వాల మీద పెట్టండి, నీళ్లు కిందికి కారిపోతాయి. ఇక ఆన్ చేయకండి. "ఒక్కసారి చూద్దాం" అనే ఆ ఒక్కసారే కొంప ముంచుతుంది. హెయిర్ డ్రయర్ వద్దు, వేడికి చెమ్మ ఇంకా లోపలికి పోతుంది. బియ్యం సంచిలో పెట్టకండి, బియ్యం బోర్డు మీది చక్కెరను పీల్చదు, తవుడు మాత్రం సందుల్లోకి పోతుంది. రెండు రోజులు ఆరబెట్టినా పైపైన ఆరుతుంది కానీ లోపలి జిగురు అట్లే ఉంటుంది. తెలిసిన టెక్నీషియన్ వెంటనే విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడగాలి.

హార్డ్ డిస్క్ డబ్బాకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. వరద నీళ్లలో పూర్తిగా మునిగిన డిస్క్ అయితే దాన్ని ఎండబెట్టకండి, లోపల బురద పళ్లేనికి అంటుకుపోతుంది. తడిగానే గాలి పోని కవర్‌లో పెట్టి రికవరీ ల్యాబ్‌కు పంపాలి. మీరుగా మూత విప్పొద్దు. టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, నాకు లాప్‌టాప్ కన్నా ఫైళ్లు ముఖ్యం అని. లేకపోతే మంచి మనసుతోనే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసి ఇచ్చేస్తారు.

సరే, నా సంగతి. చాయ్ హార్డ్ డిస్క్ కింది బోర్డు దాకా చేరింది. అన్న దాన్ని ఊడదీసి కడిగి, ఆరబెట్టి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టాడు. ఫైళ్లు తెరవలేదు. ముందు మొత్తం డిస్క్‌ను సున్నా నుంచి చివరిదాకా ఇంకో డిస్క్ మీదికి క్లోన్ తీశాడు. "పాతదాన్ని ఒక్కసారే చదవాలె. ఏమన్న ప్రయోగాలు జేసేదుంటే కాపీ మీద జేయాలె" అన్నాడు. ఆ క్లోన్‌కు రాత్రంతా పట్టింది. కొన్ని చోట్ల చదవడానికి రాలేదు. నేను కరెంటు ఇచ్చి తీసినప్పుడల్లా తగిలిన దెబ్బలు కావొచ్చు అన్నాడు.

ముప్పై నాలుగు పాటల్లో ముప్పై రెండు పూర్తిగా వచ్చాయి. ఒక దాని మధ్యలో కొన్ని సెకన్లు గరగర. ఒకటి తెరుచుకోలేదు. అది పల్లికాయ తెంపే పాట. ఆ రోజు అవ్వ పాడుతూ మధ్యలో ఆపి, నన్ను చూసి నవ్వి, "ఇదంత ఎందుకు బిడ్డా నీకు" అని మళ్లీ అందుకుంది. ఆ నవ్వు ఆ ఫైల్‌లోనే ఉంది. ఎంత ప్రయత్నించినా రాలేదు.

పోయిన ఆదివారం మా పెద్దమ్మ దగ్గరికి పోయా. ఆ పాట గుర్తుందా అని అడిగా. "మా యమ్మ పాడంగ విన్నదే గదా" అని అందుకుంది. రెండు చరణాలు అవ్వ పాడినట్టే ఉన్నాయి. మూడోది వేరే. నాలుగోది ఆమెకు రాలేదు, పక్కింటి ఆమె అందించింది. ఊరి మనుషులే ప్రతులు. బ్రౌన్ దొర ఊరూరా తిరిగి చేసింది ఇదే పని కదా అనిపించింది. కానీ ఆ నవ్వుకు రెండో ప్రతి లేదు, పెద్దమ్మ దగ్గర కూడా దొరకదు.

అందుకే ఈ ఎపిసోడ్ చూడటం ఆపిన వెంటనే ఒక్క పని చేయండి. మీ ఫోన్‌లో, మీ లాప్‌టాప్‌లో ఒక్క చోట మాత్రమే ఉన్న ఫైల్ ఏదో గుర్తు తెచ్చుకోండి. అమ్మ వాయిస్ మెసేజ్ కావొచ్చు, నాన్న పొలం కాగితం ఫొటో కావొచ్చు. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో పెట్టండి. ఇంకోటి క్లౌడ్‌లో పెట్టండి. లేదా వేరే ఊళ్లో ఉన్న మీ చెల్లికి పంపించండి. బిట్‌లాకర్ కీ ఒక కాగితం మీద రాసి, చాయ్ గ్లాసుకు దూరంగా పెట్టండి.

అవ్వ పాటలు ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి. పెద్దమ్మ గొంతుతో కలిపితే ముప్పై నాలుగు. వచ్చే వారం మాటిచ్చినట్టు సంస్థానాల ముచ్చటతో కలుద్దాం. మీ ఇంట్లో తడిసిపోయి మళ్లీ దొరికినవి, తడిసి దొరకనివి ఏమున్నాయో కింద రాయండి, చదువుతా. ఉంటా మరి!